మంచు పూత పట్టిన పుస్తకాలు

ఒమాన్ దేశంలోని షినాస్‌లో సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద ఇప్పుడొక టైర్ల షాపు ఉంది. దాని వెనక గోడ మామూలు గోడకి రెండింతల మందం ఉంటుంది. టైర్లమ్మేవాడికి అంత గోడ ఎందుకని మీకు అనుమానం రావచ్చు. ఒకప్పుడు అది చేపల కోల్డ్ స్టోర్. నా ఉద్యోగం చాలావరకు ఆ గోడల మధ్యే గడిచింది. రిటైరయ్యానని చెప్పుకుంటాను గానీ అది పెద్ద మాట. వయసు మీరిందని వీసా రెన్యూ చేయలేదు, ఇంటికొచ్చి కూర్చున్నాను, అంతే.

మా జగిత్యాల వైపు నుంచి మస్కట్ వెళ్లే కుర్రాళ్లు ఇప్పటికీ వచ్చి సలహాలడుగుతుంటారు. ఏ కంపెనీ మంచిది, అల్ హైల్‌లో రూమ్ దొరుకుతుందా, ఎండలో సైట్ పని కన్నా చలిలో పని నయమా అని. చలిలో పని నయమేమీ కాదు, మోకాళ్లు పోతాయని చెబుతాను. వాళ్లు నమ్మరు. బయట మాడిపోతుంటే లోపల ఫ్రిజ్‌లో కూర్చుని జీతం తీసుకున్న అదృష్టవంతుణ్ణని నా గురించి వాళ్ల అభిప్రాయం. అన్నేళ్లలో ఎన్ని చేపలు మోసి ఉంటానో చెప్పలేను, ఒక్క చేప కూడా గుర్తులేదు. గుర్తున్న సరుకు ఒక్కటే. అది ఒక దేశం తాలూకు జాతీయ గ్రంథాలయం.

నవ్వకండి. దేశం చిన్నది, సముద్రం మధ్య ఉన్న ద్వీపం. దాని పేరు రాయను. రాస్తే ఆవిడెవరో అక్కడ అందరికీ తెలిసిపోతుంది, దేశమే అంత చిన్నది మరి. ఆ ద్వీపం నుంచి మాకు ట్యూనా చేపలు వచ్చేవి. సోహార్ రేవులో దింపిన ఫ్రీజర్ కంటైనర్ ట్రైలర్ మీద మా దగ్గరికి వచ్చేది. ఒకసారి ఆ కంటైనర్ తలుపు తీస్తే చేపలు లేవు. ప్లాస్టిక్ క్రేట్లలో నిలువుగా పేర్చిన పుస్తకాలున్నాయి. ఒక్కోటి ఉబ్బి, గట్టిగా, ఇటుకలాగా గడ్డకట్టి ఉంది. వాటితోపాటు ఒక మనిషి కూడా వచ్చింది. నలభై దాటిన మనిషి, తలకి గుడ్డ కట్టుకుని, ఎవరిదో మగవాళ్ల జాకెట్ వేసుకుని ఉంది. ఆ దేశపు లైబ్రేరియన్ అని మా మేనేజర్ చెప్పాడు.

జరిగింది ఏమిటంటే, సముద్రం పొంగి వాళ్ల లైబ్రరీలోకి వచ్చింది. తడిసిన కాగితం రెండు మూడు రోజుల్లో బూజు పట్టి కుళ్లిపోతుందట. గడ్డకట్టిస్తే మాత్రం ఎక్కడిదక్కడ ఆగిపోతుందట. ద్వీపంలో గడ్డకట్టించే వసతి ఉన్నది ఒక్క ట్యూనా ఫ్యాక్టరీలోనే. పుస్తకాలన్నీ అక్కడ పెట్టించింది. ఫ్యాక్టరీకి చోటు కావాలి, పైగా అక్కడ కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. అందుకని చేపలు పోయే దారినే పుస్తకాలూ మా దగ్గరికి వచ్చాయి. మా అర్బాబ్, అంటే కంపెనీ యజమాని, మంచివాడే. పాత చల్లగది ఒకటి వాడకుండా ఉంటే ఇచ్చాడు. కాకపోతే ఒక షరతు పెట్టాడు. వంజరం చేపని అక్కడ కనద్ అంటారు. ఏటా కొన్నాళ్లు దాని వేట నిషేధం, నిషేధం ఎత్తేశాక సరుకు ముంచెత్తుతుంది. వచ్చే ఏడు కనద్ సీజన్ తెరిచేనాటికి గది ఖాళీ చేయాలన్నాడు.

ఆవిడ లెక్క కూడా దాని మీదే ఉంది. గడ్డకట్టిన పుస్తకాన్ని విప్పి పెట్టి, ఫ్యాను గాలి తగలనిస్తే మంచు నీరు కాకుండానే నెమ్మదిగా గాలిలో కలిసిపోతుందట. నెలలు పడుతుంది గానీ పుస్తకం పొడిగా మిగులుతుంది. దీనికి పెద్ద యంత్రాలుంటాయి, అవి ఆ దేశానికి అందేవి కావు. సీజన్ లోపల ఎండితే పుస్తకాలు బతుకుతాయి. ఎండకపోతే ఆ ఉక్కపోత నెలల్లో తడిగానే బయటికి తీయాలి, అప్పుడు బూజు ఎలాగూ వదలదు. ఇదంతా ఆవిడ మేనేజర్‌కి ఇంగ్లీషులో చెప్పింది. గది తలుపు మీద ఒక కాగితం అంటించింది. ప్లాస్టిక్ చుట్టొద్దు, ఫ్యాను ఆపొద్దు అని దాని సారాంశం. మేనేజర్ కేరళ ఆయన, పదిమంది పని ఒక్కడే చేసేవాడు. మాకు వచ్చి ఒకే ముక్క చెప్పాడు, ఇవి చాలా విలువైనవి, జాగ్రత్త అని.

జాగ్రత్త అనే మాట మా ఫోర్‌మన్ చెవిన పడితే ఇక చెప్పక్కర్లేదు. ఆయన కడప మనిషి, ముసల్మాను, మా అందరికీ చాచా. నాకన్నా ముందు వచ్చిన వాళ్లలో చివరికి మిగిలింది ఆయనొక్కడే. గడ్డం తెల్లబడింది, వేళ్లు చలికి వంకర్లు పోయాయి. అయినా గ్లేజింగ్ పనిలో బాతినా తీరం పొడుగునా ఆయన్ని మించినవాడు లేడు. గ్లేజింగ్ అంటే గడ్డకట్టిన చేపని మంచునీళ్ల తొట్టిలో ఒక్క క్షణం ముంచి పైకి తీయడం. చేప మీద అద్దంలాంటి మంచు పూత పడుతుంది. ఆ పూత లేకపోతే ఫ్రీజర్ గాలికి చేప ఎండిపోతుంది. అంచులు తెల్లబడి దూదిలా అవుతాయి, బరువు తగ్గుతుంది. కొనేవాడు తిప్పి పంపుతాడు. బరువు తగ్గిన సరుకంటే మా పనిలో రెండే అర్థాలు, ఒకటి నిర్లక్ష్యం, రెండోది దొంగతనం.

క్రేట్లు దింపి సర్దడానికి కొన్ని రోజులు పట్టింది. టీ టైమ్‌లో ఆవిడ మా దగ్గరే, లోడింగ్ గట్టు మీద కూర్చునేది. సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ ఆవిడది. చాచాది కడప ఉర్దూ, నాది గల్ఫ్ హిందీ. ఎలాగో కుదిరేది.

వాళ్ల లైబ్రరీలో ఒక ఆచారం ఉందట. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లని మొదటిరోజు గుమ్మంలో నిలబెట్టి, పాతవాళ్లు ఆ లైబ్రరీ కథంతా నోటితో చెప్పాలి. ఏమేం పోయాయో తప్పకుండా చెప్పాలి, దాచకూడదు. మేం క్రేట్లు మోస్తున్నాం కాబట్టి మేమూ కొత్తగా చేరినవాళ్లమే అని మాకూ చెప్పింది. గుమ్మం లేదు, లోడింగ్ గట్టే గుమ్మం అనుకోమంది.

మొదట్లో ఆ ద్వీపంలో పుస్తకమే లేదట. ఒక పరాయి ఓడ పగడపు దిబ్బకి గుద్దుకుని మునిగితే దాంట్లోంచి ఒక పెట్టె ఒడ్డుకి కొట్టుకొచ్చింది. లోపల పుస్తకాలు. ఎవరికీ చదవడం రాని భాష. అయినా ఆడవాళ్లు వాటిని తీసుకెళ్లి చేపలు ఎండబెట్టే పందిళ్ల మీద పరిచి, ఒక్కో పేజీ తిప్పి ఎండబెట్టారట. అదీ లైబ్రరీ పుట్టుక. కొన్నాళ్లు కస్టమ్స్ షెడ్డులో ఉంది. కప్పు కారి అక్కడ కొన్ని పోయాయి. కారని కప్పు ఊళ్లో ఒక్క జైలుకే ఉందని జైల్లోకి మార్చారు. ఖైదీలే పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునేవాళ్లట, ఒక్క పుస్తకం కూడా పోలేదట. తర్వాత దేశానికి జెండా వచ్చింది. రెండు గదుల ఇంటి మీద జాతీయ గ్రంథాలయం అని బోర్డు రాయించారు. బోర్డు ఇంటికన్నా వెడల్పుగా ఉండేదని చెప్పి తనే నవ్వింది. చివరికి ఒక మంత్రిగారు సరదాపడి సముద్రం ఎదురుగా, పెద్ద పెద్ద అద్దాల కిటికీలతో కొత్త బిల్డింగ్ కట్టించాడు. అక్కడికే సముద్రం వచ్చింది.

"మా లైబ్రరీకి నీళ్ల గండం రెండుసార్లు. ఒకసారి పైనుంచి, ఒకసారి ముందునుంచి," అంది ఆవిడ.

చాచా టీ తాగడం మానేసి విన్నాడు. చేపల పందిళ్ల మాట ఆయన్ని పట్టుకుంది. ఆరోజు రూమ్‌కి పోతూ, "అబ్బీ, ఇది సరుకు గాదు, అమానత్. మన్ని నమ్మి పెట్టిపోతాండారు. ఎట్ల ఇచ్చినారో అట్ల అప్పజెప్పల్ల," అన్నాడు. అమానత్ అంటే నమ్మి అప్పగించిన సొత్తు. ఆయన నమాజ్ ఎంత తప్పకుండా చేసేవాడో ఆ మాటనీ అంత గట్టిగా పట్టుకున్నాడు.

అన్నిటికన్నా విలువైనవి మూడు క్రేట్లు. వాటిలో అచ్చు పుస్తకాలు లేవు. పడవవాళ్ల పాటలు, మంత్రసానుల మందులు, ఏ గాలికి ఏ చేప వస్తుందో చెప్పే లెక్కలు. ఇళ్లల్లో తాతలు చేత్తో రాసుకున్నవి, ఒక్కోటి ఒక్కటే ప్రతి. సముద్రం వచ్చినప్పుడు పై అల్మారాలో ఉండటంతో అవి మునగలేదు, చెమ్మ పట్టాయంతే. వాటిని విడిగా గుడ్డలో చుట్టి పై అరలో పెట్టించి ఆవిడ వెళ్లిపోయింది.

నెలలు గడిచాయి. ఫ్యాను ఆగలేదు. ప్లాస్టిక్ చుట్టలేదు. కాగితం మీద రాసినవన్నీ తప్పకుండా చేశాం. రోజూ ఒకసారి చాచా ఆ గదిలోకి వెళ్లి, మసీదులో నడిచినట్టు నడిచి వచ్చేవాడు. ఒకరోజు మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు. పుస్తకాల అంచులు తెల్లబడుతున్నాయి. అట్టల మీద దూదిలాంటి మచ్చలు. క్రేటు ఎత్తి చూస్తే తేలికైంది. వచ్చిన రోజు ప్రతి క్రేటు మీద బరువు రాసి ఉంది, చేపలకి రాసినట్టే. తూకం వేస్తే ఒక్కదానికీ బరువు సరిపోలేదు.

మీరు చదువుకున్నవాళ్లు, మీకు తెలిసిపోయి ఉంటుంది. అదే ఆవిడ కోరుకున్నది. పుస్తకాలు బాగుపడుతున్నాయి. కానీ ముప్పై ఏళ్లు చేపలతో బతికిన మనిషికి ఆ తెల్ల మచ్చ ఒక్కటే చెబుతుంది, సరుకు చచ్చిపోతోందని. గ్లేజింగ్ అనే పని ఒకటి ఉంటుందని ఆవిడకి తెలియదు, తెలిస్తే తలుపు మీద ఇంకో వాక్యం రాసేది. ఎండటం మంచిదని చాచాకి తెలియదు. మేనేజర్‌కి రెండూ తెలుసు, కానీ ఆయన ఆ నెలల్లో మస్కట్ పక్కన బౌషర్‌లో హాస్పిటల్లో ఉన్న భార్య దగ్గరికీ స్టోర్‌కీ మధ్య తిరుగుతున్నాడు. ఆ గది ముందు నిలబడి ఆలోచించే తీరిక ఆయనకి లేదు.

చాచా తనకి చేతనైనంత జాగ్రత్త తీసుకున్నాడు. ఇంతకన్నా బరువైన మాట నాకు తట్టడం లేదు.

తొట్టి కడిగించాడు. చేపల నీళ్లు తాకకూడదని కొత్త తొట్టే తెప్పించాడు. తాగే నీళ్లలో మంచు వేయించాడు. చేతులు కడుక్కుని, బిస్మిల్లా అని ఒక్కో పుస్తకాన్నీ రెండు చేతులతో ముంచి తీశాడు. మేమంతా అందించాం. ఒక్కో పుస్తకం మీద గాజులాంటి పూత పడింది. ఆ పూతలోంచి అట్ట మీది అక్షరాలు బయట ఉన్నప్పటికన్నా స్పష్టంగా కనిపించేవి. కొన్ని రోజులు పట్టింది ఆ పని. పూత పలచబడినప్పుడల్లా మళ్లీ పట్టించేవాడు. క్రేట్ల బరువు సరిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు చాలా ముచ్చటేసింది.

ఆ మూడు క్రేట్ల జోలికి మాత్రం ఆయన పోలేదు. ఒకదాని గుడ్డ విప్పి చూసి మళ్లీ చుట్టేశాడు. సిరా రాతలు, నీళ్లు తగిలితే ఏమవుతుందోనని అనుమానపడ్డాడు. అప్పటికి అవి పూర్తిగా ఎండి ఉన్నాయి. పలచటి కాగితాలు కదా, అన్నిటికన్నా ముందే ఎండాయి. ఆయన దృష్టిలో అన్నిటికన్నా పాడైపోయినవి అవే. ఆ దిగులు ఆయన్ని తినేది. అన్నం దగ్గర కూడా వాటి గురించే మాట్లాడేవాడు. ఆ మేడం వచ్చి అడిగితే ఏం సమాధానం చెప్పాలన్నది ఆయన బాధ.

ఆవిడ కనద్ సీజన్‌కి కాస్త ముందు వచ్చింది. ఈసారి తన సొంత జాకెట్ తెచ్చుకుంది. కొండ మీద పాత బడి ఒకటి లైబ్రరీకి ఇచ్చారని, అరలు కూడా కొట్టించామని గేటు దగ్గరే చెప్పింది. మొహం వెలిగిపోతోంది. చాచా ఆరోజు ఉతికిన బట్టలు వేసుకున్నాడు. అత్తరు కూడా రాసుకున్నాడని మేం ఆటపట్టించాం. గది తలుపు ఆయనే తీశాడు. లైటు వేశాడు.

అరల నిండా పుస్తకాలు తళతళ మెరుస్తున్నాయి.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. మేనేజర్ ఆవిడ పక్కనే ఉన్నాడు, ఆయన మొహం పాలిపోయింది. ఇద్దరూ ఇంగ్లీషులో గబగబా రెండు మాటలనుకున్నారు. మాకు అర్థం కాలేదు. తర్వాత ఆవిడ ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని, మంచు మీద బొటనవేలు పెట్టి రుద్దింది. ఎవరు చేశారని హిందీలో అడిగింది.

చాచా ఒక అడుగు ముందుకేసి ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేనే అన్నాడు. బరువులు కూడా సరిచూసుకోమన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహం ఎలా ఉందో నేనూ చూశాను. పిల్ల పెళ్లి చేసి అప్పగింతలు పెడుతున్న తండ్రి మొహంలా ఉంది.

"చాలా బాగా చూసుకున్నారు చాచా. బహుత్ అచ్ఛా," అంది ఆవిడ.

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ చలికి కొత్తవాళ్లందరికీ కళ్లల్లో నీళ్లొస్తాయి. నేనదే అనుకున్నాను. బయటికెళ్లి గట్టు మీద కూర్చుని, రుమాలు మొహానికి పెట్టుకున్నప్పుడు కూడా అదే అనుకున్నాను. మేనేజర్ వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఉన్నవాటిని మంచు కరిగించి, ప్యాకింగ్ హాల్లో ఫ్యాన్ల కింద ఎండబెట్టి దక్కినన్ని దక్కించుకోవాలని వాళ్లు అప్పుడే నిర్ణయించుకున్నారట. ముసలాయనకి మాత్రం ఇప్పుడే చెప్పొద్దని ఆవిడ బతిమాలిందట. ఇదంతా నాకు మర్నాడు తెలిసింది. ఆరోజుకి మా అందరికీ పండగే. చాచా రూమ్‌లో అందరికీ మిఠాయి పంచాడు.

మర్నాడు డ్యూటీకి వెళ్లేసరికి గ్లేజింగ్ గది తలుపు తెరిచి ఉంది. చాచా నాకన్నా ముందే వచ్చాడు. తొట్టి ముందు నిలబడి ఉన్నాడు. పక్కన విప్పిన గుడ్డలు మడతపెట్టి ఉన్నాయి. రెండు క్రేట్లు నీళ్లు కారుతూ తొట్టి గట్టు మీద ఉన్నాయి. మూడోది ఇంకా కట్టు విప్పలేదు.

"అబ్బీ, ఈ నీళ్లు ఇట్లెందుకయినాయి?" అన్నాడు.

తొట్టిలో నీళ్లు నీలంగా ఉన్నాయి. అడుగు కనిపించడం లేదు.

నేను క్రేటు దగ్గరికెళ్లి పై కాగితాలు చూశాను. ఎండిన కాగితం కదా, పూత పట్టేలోపే నీళ్లు తాగేసింది. తాతల రాతలున్న చోట నీలిరంగు మరకలున్నాయి.

"ఏంది చాచా గిట్ల చేసినవ్? వీటికి నీళ్లు పెట్టొద్దని నువ్వే అంటివి గద," అన్నాను.

"ఆ యమ్మ బాగా చేసినావనింది గద. నాకుండే అనుమానం నిన్నటితో తీరిపాయె. ఇవి గూడా పట్టిస్తే ఇంగ దిగుల్లేకుండా తీసకపోతాదని," అన్నాడు. మళ్లీ నీళ్లకేసి చూశాడు.

ఆ నెలలన్నీ ఆయన్ని ఆపిన అనుమానమే ఆ పాటల్ని కాపాడింది. ఒక్క మెచ్చుకోలు మాటతో అది పోయింది.

ఆవిడ వచ్చింది. చూసింది. అరవలేదు. తొట్టి అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. వెనకే వచ్చిన మేనేజర్ ఇక దాచలేక అందరి ముందూ హిందీలో అనేశాడు, పుస్తకాలు ఎండాలనే పెట్టారని, పూత పట్టించడమే తప్పని, నిన్ననే చెప్పాల్సిందని. చాచా మొదట ఆయన మాట నమ్మలేదు. ఆవిడ వైపు తిరిగాడు.

"నిన్న బాగుందన్నావు కదమ్మా," అన్నాడు.

"మీ మొహం చూసి అన్నాను," అంది ఆవిడ.

చాచా తల వంచుకున్నాడు. "నా మొహం చూడకుండా చెప్పి ఉండాల్సింది బిడ్డా," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆవిడకి కాస్త తేలికగా ఉండేదేమో.

తర్వాత జరిగింది చాకిరీ. ప్యాకింగ్ హాల్లో బల్లలన్నీ కలిపి పుస్తకాలు పరిచాం. చేపల మీద వాడే ఫ్యాన్లన్నీ వాటి మీదికి తిప్పాం. పేజీకీ పేజీకీ మధ్య పీల్చే కాగితం పెట్టడం, తడిశాక తీసి కొత్తది పెట్టడం. చాచా ఆ ఏడు ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికెళ్లాల్సిన మనిషి, టికెట్ వెనక్కి జరిపించుకున్నాడు. ఆ వంకర వేళ్లతో అందరికన్నా మెల్లగా, అందరికన్నా ఎక్కువ పేజీలు తిప్పాడు. అర్బాబ్ కూడా ఒకరోజు వచ్చి చూసి, సీజన్ తెరిచినా హాల్లో ఒక మూల వాళ్లకే ఉంచమన్నాడు. గది మాత్రం మాట ప్రకారం ఖాళీ చేయించాడు. ఒక పక్క కనద్ చేపలు కోస్తుంటే, ఇంకో పక్క పుస్తకాలు ఎండుతున్నాయి. రక్తం, సిరా ఒకే కాలవలోంచి పోయేవి.

అచ్చు పుస్తకాల్లో సగానికి పైగా దక్కాయి. మిగతావి బూజు పట్టి, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. చేతిరాతల్లో కట్టు విప్పని ఆ ఒక్క క్రేటు మిగిలింది. తడిసిన రెండు క్రేట్ల కాగితాలని కూడా ఆవిడ ఎండబెట్టించింది. ఖాళీ కాగితాలు అవెందుకు మేడం అని నేను అడిగాను. ఖాళీగా ఉన్నవి కూడా చూపించాలి, మా ఆచారం అంది. వెళ్లేరోజు అందరికీ చేతులు జోడించింది. చాచాకి మాత్రం ఇంకోసారి జోడించింది.

కొన్నాళ్లకి చాచా కడప వెళ్లిపోయాడు. తర్వాత కంపెనీ మూతపడింది, వయసు చూసి ఇంకెవరూ నా వీసా రెన్యూ చేయలేదు. నేనూ ఊరికొచ్చాను.

ఈమధ్య ఆవిడ నాకు వాట్సాప్‌లో ఫోన్ చేసింది. తనూ రిటైరవుతోందట. తన తర్వాత వచ్చే అమ్మాయిని గుమ్మంలో నిలబెట్టి లైబ్రరీ కథంతా చెప్పిందట. చాచా ఎలా ఉన్నారని అడిగింది. షినాస్ గురించి ఏం చెప్పారు మేడం అని నేనడిగాను.

"మా లైబ్రరీకి నీళ్ల గండం మూడుసార్లు అని చెప్పాను. మూడోసారి సముద్రం కాదు, వాన కాదు. నేనొక మంచిమనిషికి నిజం చెప్పకపోవడం వల్ల వచ్చిందని చెప్పాను," అంది.

నేను చాచాకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నేను ముంచినానని చెప్పలేదా?" అన్నాడు.

"చెప్పలే చాచా. నీ మీద మాట పడనియ్యలే ఆమె."

"మళ్లా నా మొహమే చూసింది అబ్బీ," అన్నాడు. "పోయినవి దాచగూడదు గద వాళ్లకి. ఎట్ల పోయినాయో గూడా దాచగూడదు. కడపాయన ఒకడు ముంచినాడని చెప్పమను. నీళ్లు పెట్టింది నా చేతులు."

ఆ మాటలన్నీ హిందీలో రికార్డు చేసి ఆవిడకి పంపాను. విన్నట్టు నీలం గుర్తు వచ్చింది. జవాబు రాలేదు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం నమాజ్ అయ్యాక చాచా ఫోన్ చేస్తాడు. ఆరోగ్యం బాగాలేదు, మాట సన్నబడింది. బాగోగులు అడిగి, చివరికి అక్కడికే వస్తాడు. ఆ యమ్మ చెప్పిందా అబ్బీ అంటాడు. చెప్పింది చాచా అనేస్తే ఆయన ప్రాణం కుదుటపడుతుంది. నాకు పోయేదేమీ లేదు, ఆవిడ ఏం చెప్పిందో ఆయనకి తెలిసే దారి కూడా లేదు. ఆ మాట ప్రతి వారం నోటిదాకా వస్తుంది. ఆ తొట్టిలో నీళ్లు గుర్తొస్తాయి.

ఇంకా లేదు చాచా అంటాను.